పాత కారు యంత్ర సంరక్షణము: అంబాసిడరు ఇంజను, గేరుబాక్సు

తయారీ నిలిచిపోయిన మోటారు కారును, తయారుచేసిన సంస్థ తోడ్పాటు లేకుండ, యజమాని తన ఇంటి ముంగిటనే సామాన్యమైన పనిముట్లతో నడకలో నిలుపుకొనుట పాతకారు సంరక్షణము అనబడును. ఇంజనును, దాని శక్తిని చక్రములకు అందించు క్లచ్చి, గేరుబాక్సు, ప్రొపెల్లరు షాఫ్టు, వెనుక ఇరుసులను నిర్ణీత దూరములకు ఒకమారు పరీక్షించుట, శుభ్రపరచుట, సవరించుట, అరిగిన చిన్న భాగములను మార్చుట ఇందలి ముఖ్య విధులు. ఇటీవలి కార్లలో జ్వలనకాలమును, ఇంధన పరిమాణమును కంప్యూటరు నిర్ణయించుచుండగా, పూర్వపు కార్లలో ఆ పనులను స్ప్రింగులు, బరువులు, సూదులు, మరలు నిర్వహించెడివి. అవి అరుగును, వదులగును, కొలత తప్పును. కావున వానిని తరచుగా సవరించవలసి యుండును. అయినను ఆ సవరణ అంతయు కంటికి కనబడునట్లును, చేతికి అందునట్లును అమర్చబడి యుండుటచే, వృత్తిశిక్షణ లేని మనిషియు ఓపికతో దానిని నేర్చుకొనగలడు. భారతదేశమున అర్ధశతాబ్దికి పైగా తయారైన అంబాసిడరు కారును ఉదాహరణముగా గైకొని ఆ విధానము ఇచ్చట వివరింపబడుచున్నది.

చరిత్ర

హిందుస్థాన్ మోటార్స్ సంస్థను 1942లో బి. ఎం. బిర్లా స్థాపించెను. గుజరాతు తీరమందలి ఓఖా రేవున పని ప్రారంభించిన ఆ సంస్థ 1948లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడకు తరలినది. బ్రిటనులో 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును నమూనాగా గైకొని 1957లో అంబాసిడరు ఉత్పత్తిని ఆరంభించినది. తొలి కార్లలో 1476 సి.సి. సైడ్‌వాల్వు ఇంజను ఉండెడిది. 1959లో దాని స్థానమున బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణికి చెందిన 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చినది. మార్కు 2, మార్కు 3, మార్కు 4, నోవా అను పేర్లతో ముందరి జాలీయు, లోపలి అలంకారములును మారుచు వచ్చినను, పెట్రోలు కార్లలో ఈ ఇంజనే చిరకాలము కొనసాగినది. 1990 దశకమున ఇసుజు వారి 1800 సి.సి. ఇంజనును, క్రింద అమర్చిన గేరు కడ్డీతో ఐదు గేర్ల పెట్టెయు ప్రవేశించినవి. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయినది. 2017లో అంబాసిడరు అను పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనెను.

ప్రభుత్వాధికారుల వాహనముగను, టాక్సీగను ఈ కారు తెలుగు జిల్లాలలో పల్లెపల్లెకు పరిచితమైనది. తన్మూలమున దాని మరమ్మతు తెలిసిన పాతతరపు మెకానిక్కులు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇప్పటికిని కలరు. మరియు బి-శ్రేణి ఇంజను ఇంగ్లండులో ఎం.జి.ఎ., ఎం.జి.బి. అను స్పోర్ట్సు కార్లకు కూడ వాడబడినందున, దానిని గూర్చిన మాన్యుయళ్ళును, పెక్కు విడిభాగములును విదేశములందు నేటికిని లభించుచున్నవి. ఈ వ్యాసమునందలి కొలతలు 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు సంబంధించినవి. ఇసుజు, డీజిలు ఇంజనులకు ఇవి వర్తింపవు.

ఇంజను నిర్మాణము

ఈ ఇంజనునందు నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో ఉండును. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. స్ట్రోకు పొడవైనది గనుక తక్కువ వేగముననే మంచి లాగుడు కలుగును. అధిక వేగమున తిప్పుటకు ఈ ఇంజను ఉద్దేశింపబడలేదు. బ్లాకు, హెడ్డు రెండును పోత ఇనుముతో చేసినవి. క్రాంకుషాఫ్టును మూడు మెయిను బేరింగులు మోయును. కామ్‌షాఫ్టు బ్లాకునందే ఉండి, పుష్‌రాడ్ల ద్వారమున, రాకరు చేతుల ద్వారమున ఎనిమిది వాల్వులను తెరచును. సిలిండర్లలో మంట 1-3-4-2 అను క్రమమున అంటుకొనును.

ఇందు తెలిసికొనవలసిన విశేషమొకటి కలదు. క్రాంకుషాఫ్టు వెనుక కొనయందు నేటి ఇంజనులందువలె రబ్బరు ఆయిలు సీలు లేదు. షాఫ్టుపై చెక్కబడిన మరచుట్టు తాను తిరుగుచు నూనెను లోనికి నెట్టివేయును. ఇంజను ఆగినప్పుడు ఆ నెట్టుడును ఆగును గనుక, గేరుబాక్సు మొదట క్రిందిభాగమున ఒకటి రెండు చుక్కల నూనె కనబడుట ఈ నిర్మాణమునకు సహజము. ఆ చుక్కలు ధారగా మారినచో, ఇంజను దించుటకు పూర్వము క్రాంకుకేసునుండి ఆవిరిని బయటికి పంపు గొట్టము మూసికొనిపోయినదేమో చూడవలెను. లోపలి ఒత్తిడికి బయటపడు దారి లేనప్పుడు అది నూనెనే వెలికి త్రోయును. గొట్టమును శుభ్రపరచినంతనే పెక్కుసారులు కారుట తగ్గును.

పనిముట్లు, జాగ్రత్తలు

ఈ ఇంజను బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళపు బోల్టు తల వెడల్పు 12.7 మిల్లీమీటర్లు, దానిపై 13 మిల్లీమీటర్ల పానా వేసినచో కొంత ఆడును, ఆడుచు కోణములను అరుగగొట్టును, తుదకు బోల్టు తల గుండ్రనిదై ఏ పానాకును పట్టుబడకుండ పోవును. కావున అంగుళాల రింగు పానాల జత ఒకటి కొనుట ప్రథమ కర్తవ్యము. దానితోపాటు సాకెట్లు, ఫీలరు గేజి, ప్లగ్గు పానా, టార్కు పానా, కంప్రెషను గేజి, గ్రీజు గన్ను, పన్నెండు వోల్టుల పరీక్షా దీపము ఉన్నచో ఇంటివద్ద చేయదగిన పనులన్నియు నెరవేరును.

జాకీ కారును లేపుటకే గాని లేపి నిలుపుటకు కాదు. కారు క్రిందికి దూరుటకు పూర్వము గట్టినేలపై నిలుచు ఇనుప స్టాండ్లను ఛాసిస్ క్రింద అమర్చి, నేలపై నున్న చక్రములకు ముందు వెనుకల అడ్డుకట్టలు పెట్టవలెను. విద్యుత్పరికరముల మీద పని చేయునపుడు బాటరీ తీగను విప్పవలెను. మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు; పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు గనుక మనిషికి తెలియకుండగనే ప్రాణాపాయము కలుగును. పాత క్లచ్చి ప్లేట్లలోను, గాస్కెట్లలోను ఆస్బెస్టాసు ఉండుటకు అవకాశము కలదు. ఆ ధూళిని గాలితో ఊదక తడిబట్టతో తుడువవలెను.

నూనె

సంరక్షణములో నూనె మార్పిడిని మించిన పని లేదు. సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకమారు, కారు ఏడాదిలో అంత దూరము తిరుగకున్నను ఏడాదికొకసారి, నూనె మార్చుట మంచిది. ఏలయన నిలిచియున్న ఇంజనులో నీటియావిరి, దహనమువలన పుట్టు ఆమ్లములు నూనెలో చేరి బేరింగులను తినివేయును. ఇంజను వేడిగా నున్నప్పుడే పాత నూనెను దించవలెను. అప్పుడు పలుచబడిన నూనెతో పాటు మడ్డియు వెలుపలికి వచ్చును. ఫిల్టరు ఒక గిన్నెలో అమర్చబడి, నడుమ నొక బోల్టుతో బిగింపబడి యుండును. గిన్నె అంచు కూర్చుండు గాడిలోని పాత రబ్బరు రింగును సూదితో తీసివేసి క్రొత్తదానిని వేయవలెను. పాతదానిపైననే క్రొత్తది వేసినచో ఇంజను నడచిన కొద్ది నిమిషములకే నూనె ధారగా కారిపోవును. నూనె వడిసిన ఇంజను బేరింగులు ఎంతో సేపు నిలువవు.

మన వాతావరణమునకు 20 డబ్ల్యు-50 రకపు నూనె అనువైనది. ఈ ఇంజనులోని టాపెట్ల అడుగు చదునైనది, కామ్‌షాఫ్టుపై ఒరసికొనుచు పని చేయును. ఆ ఒరపిడిని జింకు, ఫాస్ఫరసు సమ్మేళనములు కాపాడును. నేటి కార్ల కొరకు చేసిన పలుచని నూనెలలో ఈ సమ్మేళనములు తగ్గింపబడినవి గనుక, డబ్బాపై విలువైన పేరు చూచి కొనుట కంటె పాత ఇంజనులకు తగిన రకమును అడిగి కొనుట మేలు. దించిన నూనెను మురుగుకాలువలో పోయరాదు. వాడిన నూనెను సేకరించువారికి అందజేయవలెను.

శీతలీకరణము

వేసవిలో ఎత్తైన రోడ్డుపై బానెట్టు లేపి ఆగియున్న అంబాసిడరు దృశ్యము తెలుగువారికి క్రొత్తది కాదు. నీళ్ళు కాగుటకు కారణములు పెక్కు: రేడియేటరు గొట్టములలో పేరుకొన్న సున్నపు పొర, వదులైన ఫ్యాను బెల్టు, ఉబ్బిన రబ్బరు హోసు, పని చేయని మూత, ఆలస్యమైన జ్వలనము. వీనిలో మూత చౌకైనది, ఎవరును అనుమానింపనిది. 7 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత సరిగా నున్నచో నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 111 డిగ్రీల వద్ద మరుగును. దాని స్ప్రింగు సడలినను, రబ్బరు పగిలినను ఆ పదకొండు డిగ్రీల వెసులుబాటు పోవును. వేడి ఇంజను మూతను విప్పరాదు. విప్పిన క్షణముననే మరుగు నీరు మీదికి చిమ్మును.

థర్మోస్టాటును తీసి పారవేసినచో ఇంజను చల్లగా నుండునని మన ప్రాంతమున ఒక నమ్మకము కలదు. అది లేని ఇంజను తగిన వేడికి చేరుటకు చాల సేపు పట్టును. అంతవరకు చోకు వాడుటచే పెట్రోలు సిలిండరు గోడలపై నూనెపొరను కడిగివేయును, రింగులు త్వరగా అరుగును. థర్మోస్టాటు చెడినదేమో తెలిసికొనుటకు దానిని గిన్నెలోని నీటిలో వ్రేలాడదీసి కాచవలెను. నీరు మరుగుటకు ముందే అది తెరచుకొననిచో మార్చవలెను. బావినీరు సున్నము చేర్చును. స్వేదనజలము, తుప్పుపట్టనీయని కూలెంటు కలిపి వాడుట రేడియేటరు ఆయువును పెంచును.

జ్వలన వ్యవస్థ

కారు సెల్ఫు అందుకొనక మొరాయించినచో మొదట చూడవలసినది డిస్ట్రిబ్యూటరు. మూత తీసి, ఇంజనును నెమ్మదిగా త్రిప్పుచు, పాయింట్లు కామ్ శిఖరముపై పూర్తిగా తెరచుకొన్న చోట ఆపి, నడుమ ఫీలరు గేజి పెట్టి కొలువవలెను. సాధారణముగా 0.015 అంగుళము, అనగా 0.38 మిల్లీమీటరు, ఎడము ఉండవలెను. రేకు కొంచెము ఒరసికొనుచు కదలినచో ఎడము సరియైనది. పట్టుకొన్నచో తక్కువ, ఒరపిడి లేనిచో ఎక్కువ. పాయింట్లపై ఒకవైపు గుంట, రెండవవైపు బొడిపె ఏర్పడి యున్నప్పుడు గీకి సమము చేయుట తాత్కాలికము. వానిని మార్చి, కండెన్సరును కూడ పరీక్షించుట తగిన పని.

పాయింట్ల ఎడము మారినంతనే జ్వలనకాలమును మారును. ఎడము పెరిగినచో నిప్పురవ్వ ముందుగా, తగ్గినచో ఆలస్యముగా పుట్టును. అందుచే ఎడమును సరిచేసిన తరువాతనే టైమింగు చూడవలెను. ఈ వరుసను తారుమారు చేసినవారు ఎంత సేపు డిస్ట్రిబ్యూటరును త్రిప్పినను సుఖము లేదు. నిప్పురవ్వ మరీ ముందుగా పుట్టినచో ఎత్తు ఎక్కునపుడు ఇంజను గులకరాళ్ళ చప్పుడు చేయును. ఆలస్యమైనచో లాగుడు తగ్గి, వేడి పెరుగును. ప్లగ్గుల ఎడము 0.025 అంగుళము ఉంచవలెను. తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే పేర్చి చూచినచో లోపలి స్థితి తెలియును: లేత గోధుమ వన్నె ఆరోగ్యమునకు, పొడి నలుపు అధిక పెట్రోలునకు, తడి నలుపు పైకి వచ్చు నూనెకు, తెల్లని కాలిన వన్నె పలుచని మిశ్రమమునకు గుర్తులు.

కార్బురేటరు

ఎస్.యు. కార్బురేటరు నిర్మాణము సరళమైనది. ఇంజను పీల్చు గాలి పెరిగిన కొలది లోపలి పిస్టను పైకి లేచును. దానికి తగిలించిన సన్నని సూది జెట్టులోనుండి పైకి వచ్చి పెట్రోలునకు దారి విడచును. పిస్టను పైభాగమున గల డ్యాంపరులో పలుచని నూనె ఉండవలెను. అది ఎండిపోయినచో ఏక్సిలరేటరు త్రొక్కినంతనే ఇంజను ఒక్క క్షణము తడబడును. పెక్కుమంది దీనిని పెట్రోలు పంపు లోపమనుకొందురు.

మిశ్రమమును పరీక్షించు విధానము చక్కనిది. ఇంజను వేడెక్కి నెమ్మదిగా నడచుచుండగా పిస్టనును వ్రేలితో మిల్లీమీటరు కంటె కొంచెము తక్కువగా లేపవలెను. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో మిశ్రమము చిక్కన. వేగము పడిపోయి ఆగబోయినచో పలుచన. క్షణకాలము స్వల్పముగా పెరిగి పూర్వస్థితికి వచ్చినచో సరియైనది. జెట్టు క్రింది నట్టును పైకి త్రిప్పినచో పలుచనగును, క్రిందికి దించినచో చిక్కనగును. ఒక్కొక్క సవరణ నట్టు యొక్క ఒక్క ముఖము కంటె మించరాదు. జ్వలనము, వాల్వుల ఎడము సరిచేయకుండ కార్బురేటరును ముట్టరాదు.

వాల్వులు

రాకరు కవరు తీసినచో ఎనిమిది వాల్వులు వరుసగా కనబడును. ప్రతి వాల్వు కొనకును రాకరు చేతికిని నడుమ 0.015 అంగుళపు ఎడము ఉండవలెను. ఎడము ఎక్కువైనచో టకటకమని చప్పుడగును. తక్కువైనచో చప్పుడు ఏమియు ఉండదు గాని వాల్వు పూర్తిగా మూసికొనక, మంట దాని అంచును కాల్చివేయును. కావున చప్పుడు చేయు టాపెటు కంటె మౌనముగా నున్న టాపెటునే ఎక్కువగా అనుమానించవలెను.

ఏ వాల్వును ఎప్పుడు సరిచేయవలెననుటకు మెకానిక్కులు తొమ్మిది లెక్కను పాటింతురు. ముందునుండి ఒకటి మొదలు ఎనిమిది వరకు వాల్వులను లెక్కించి, పూర్తిగా తెరచుకొన్న వాల్వు సంఖ్యను తొమ్మిదిలోనుండి తీసివేసినచో వచ్చు సంఖ్యగల వాల్వు ఆ క్షణమున పూర్తిగా మూసియుండును. ఒకటవది క్రిందికి నొక్కుకొని యుండగా ఎనిమిదవదానిని, మూడవది నొక్కుకొని యుండగా ఆరవదానిని, ఐదవది నొక్కుకొని యుండగా నాలుగవదానిని, ఇట్లు అన్నిటిని సరిచేయవలెను. ప్లగ్గులు తీసివేసినచో ఇంజను సులభముగా తిరుగును. లాకునట్టును బిగించునపుడు మర కొంత కదలుట సహజము గనుక, బిగించిన తరువాత మరల కొలువవలెను. రాకరు షాఫ్టును విప్పదలచినవారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను: దానిని పట్టియుంచు నట్టులలో నాలుగు హెడ్డును కూడ పట్టియుంచునవే. వానిని సడలించుటకు ముందు రేడియేటరు నీటిని దించనిచో నీరు గాస్కెట్టు దాటి సిలిండర్లలో దిగవచ్చును.

అరుగుదల పరీక్ష

ఇంజను విప్పుట సులభము, విప్పవలసిన అవసరమును నిర్ణయించుట కష్టము. ఆ నిర్ణయమునకు మొదటి సాధనము పొగ. నీలిపొగ నూనె కాలుచున్నదనియు, నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదనియు, ఇంజను వేడెక్కిన తరువాతను తగ్గని తెల్లపొగ సిలిండరులోనికి నీరు దిగుచున్నదనియు తెలుపును. నూనె కొలకడ్డీపై పాలమీగడ వంటి నురుగు కనబడినచో నూనెలో నీరు కలిసినదని అర్థము. హెడ్డు గాస్కెట్టును అనుమానించవలెను.

రెండవ సాధనము కంప్రెషను గేజి. ఇంజను వేడిగా నుండగా నాలుగు ప్లగ్గులను తీసి, కాయిలు తీగను విప్పి, ఏక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి, గేజిని ఒక్కొక్క రంధ్రమున పెట్టి సెల్ఫు కొట్టవలెను. అంకె ఎంతయున్నదనుట కంటె నాలుగు అంకెలును సమానముగా నున్నవా యనుట ముఖ్యము; పదవవంతును మించిన తేడా ఉన్నచో లోపమున్నట్లే. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మరల పరీక్షించినపుడు అంకె పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు కారుచున్నవి. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువ చూపినచో వాని నడుమ గాస్కెట్టు పోయినదని గ్రహింపవలెను. వాల్వులు రుద్దించుటకు హెడ్డు దించిన చాలును. రింగులకైనచో ఇంజనంతయు విప్పవలెను. ఒక చెంచా నూనెతో తేలు ఈ విషయమును తెలిసికొనకుండ ఇంజనును దించినవారు వేల రూపాయలు వృథా చేసికొందురు.

క్లచ్చి

క్లచ్చి లోపములు మూడు విధములు: జారుట, విడకుండుట, చప్పుడు చేయుట. ఇంజను వేగము పెరిగినను కారు వేగము పెరుగనిచో ప్లేటు జారుచున్నదని అర్థము. జారుటకు ప్లేటు అరుగుదలయే గాక పెడలు వద్ద ఖాళీ కదలిక లేకపోవుటయు, ఇంజను నూనె ప్లేటుపై పడుటయు కారణములు కావచ్చును. కావున మొదట పెడలు కదలికను చూడవలెను. పెడలు త్రొక్కినను గేరు పడునపుడు కిరకిరలాడినచో క్లచ్చి పూర్తిగా విడుటలేదు.

బి-శ్రేణి నిర్మాణమున క్లచ్చిని విడదీయునది గుండ్ల బేరింగు కాదు, కార్బను రింగు. అది ఒరసికొనుచు పని చేయునది. సిగ్నలు వద్ద గేరులో నుంచి పెడలు త్రొక్కి నిలుచుట, నడచుచుండగా పెడలుపై కాలు ఆనించియుంచుట అను రెండు అలవాట్లు దానిని త్వరగా అరుగగొట్టును. దానిని మార్చుటకు గేరుబాక్సు దించవలసి యుండును గనుక, దించినప్పుడే ప్లేటును, కవరును కూడ చూచి, అవసరమైనచో మూడింటిని కలిపి మార్చుట యుక్తము.

గేరుబాక్సు

నాలుగు ముందు గేర్లలో రెండు, మూడు, నాలుగు గేర్లకు మాత్రమే సింక్రోమెషు కలదు. మొదటి గేరును కారు పూర్తిగా నిలిచిన తరువాతనే వేయవలెను. కదలుచున్న కారులో బలవంతముగా మొదటి గేరు వేయువారు దాని పండ్లను విరుగగొట్టుకొందురు. విరిగిన ముక్క క్రింద నూనెలో పడి మిగిలిన గేర్లకును చేటు తెచ్చును.

స్టీరింగు ప్రక్కన గేరు కడ్డీగల కార్లలో, కడ్డీకిని పెట్టెకును నడుమ రాడ్లు, లివర్లు, బుష్షులు ఉండును. బుష్షులు అరిగినపుడు రెండు లివర్లును ఒకేసారి కదలి, గేరు చిక్కుకొని కడ్డీ ఎటును కదలదు. డ్రైవరు బానెట్టు లేపి, స్టీరింగు గొట్టము మొదట నున్న లివర్లను చేతితో లాగి సరిచేసి బయలుదేరుట ఒకప్పుడు నడిరోడ్డుపై తరచు కనబడు దృశ్యము. ఇది పెట్టె లోపము కాదు. బుష్షులు మార్చి, రాడ్ల పొడవు సవరించి, గ్రీజు పెట్టినచో కొన్ని గంటలలో సరియగును. దీనికై గేరుబాక్సు విప్పింపరాదు.

చప్పుడును బట్టి లోపమును పోల్చవచ్చును. గేరు లేకుండ ఇంజను నడచుచుండగా వినబడు రొద పెడలు త్రొక్కినపుడు ఆగినచో, పెట్టె ముందరి షాఫ్టు బేరింగు అరిగినది. పెడలు త్రొక్కినపుడే మొదలైనచో క్లచ్చి కార్బను రింగు. నడచుచుండగా గేరు తనంతట జారి బయటికి వచ్చినచో లోపలి స్ప్రింగు గుండు గాని, బేరింగు గాని, పండ్లు గాని అరిగియుండును. నూనె విషయమున మాన్యుయలునే నమ్మవలెను. జి.ఎల్.-5 రకపు చిక్కని నూనెలోని గంధకపు సమ్మేళనములు సింక్రోమెషు రింగుల ఇత్తడిని, కంచును తినివేయవచ్చును. వెనుక ఇరుసుకు మంచిదని గేరుబాక్సులో పోయుట తగదు.

ప్రొపెల్లరు షాఫ్టు, వెనుక ఇరుసు

బయలుదేరునపుడు క్రిందినుండి టంగుమని ఒక్క దెబ్బ వినబడినచో షాఫ్టు రెండు కొనలయందలి క్రాసులను చూడవలెను. కారును నిలిపి, చక్రములకు అడ్డుకట్టలు వేసి, షాఫ్టును రెండు చేతులతో పట్టి త్రిప్పిచూచినచో క్రాసు ఆడునో లేదో తెలియును. గ్రీజు నిపిలు ఉన్న క్రాసులకు నాలుగు వైపులనుండి క్రొత్త గ్రీజు వెలువడువరకు గన్ను కొట్టవలెను. వెనుక ఇరుసులో హైపాయిడు పద్ధతి క్రౌను, పినియను ఉండుటచే పండ్లపై ఒత్తిడియు, ఒరపిడియు ఎక్కువ; అందు హైపాయిడు నూనెనే వాడవలెను. కారు సమతలమున నిలిచియుండగా, నూనె రంధ్రము అంచు వరకు నిండి పొర్లునంత పోసిన చాలును. క్రౌను, పినియను ఎడమును సరిచేయుట ప్రత్యేక పరికరములు గల షాపువారి పని.

నేటి పెట్రోలు

2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. సీసము ఆరోగ్యమునకు హానికరము గనుక దానిని తొలగించుట మంచిదే. అయితే ఈ ఇంజనులో వాల్వు కూర్చుండు చోటు హెడ్డు ఇనుములోనే చెక్కబడి యుండును, సీసము ఆ చోటును ఒరపిడినుండి కాపాడుచుండెడిది. సీసము లేనప్పుడు, ప్రధానముగా అధిక వేగమున దూరము నడపిన కార్లలో, ఎగ్జాస్టు వాల్వులు హెడ్డులోనికి క్రమముగా దిగిపోవును. ప్రతిసారియు టాపెటు ఎడము తగ్గుచున్నట్లు కనబడుట దీనికి గుర్తు. హెడ్డు దించినపుడు గట్టి ఉక్కు సీట్లను దిగగొట్టించుట శాశ్వత పరిష్కారము.

2023 నుండి దశలవారీగా వ్యాపించిన 20 శాతము ఇథనాలు గల పెట్రోలు మరియొక సమస్యను తెచ్చినది. ఇథనాలు పాతరకపు రబ్బరును ఉబ్బించును, మెత్తబరచును. నీటిని పీల్చుకొని ట్యాంకునందు తుప్పు పుట్టించును. మిశ్రమమును కొంత పలుచన చేయును. కావున పెట్రోలు గొట్టములను, పంపు డయాఫ్రమును ఇథనాలునకు తాళు రకములకు మార్చి, కార్బురేటరును మరల సరిచూచి, నెలల తరబడి కారును నిలుపునపుడు ట్యాంకులో పాత పెట్రోలు నిలువ ఉంచకుండుట యుక్తము.

స్వయంకృషికి హద్దు

సిలిండర్లను రీబోరు చేయుట, క్రాంకును గ్రైండు చేయుట, హెడ్డు చదునుచేయుట, గేరుబాక్సు బేరింగులను ఒత్తి ఎక్కించుట, క్రౌను పినియను అమర్చుట అను పనులు యంత్రశాలకు చెందినవి. కొలుచుట, శుభ్రపరచుట, సవరించుట, విడదీసి యంత్రశాలకు చేర్చుట, మరల బిగించుట యజమానికి సాధ్యమైనవి. స్వంత వాహనమునకు 15 సంవత్సరములు నిండిన తరువాత ప్రతి ఐదేండ్లకు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలసి యుండును. ఆ తనిఖీకి తేదీ, కిలోమీటర్లు, కొలతలు, మార్చిన భాగములు వ్రాసియుంచిన పుస్తకము ఎంతయు ఉపకరించును. నేటి కొలతను నిరుటి కొలతతో పోల్చినపుడే అరుగుదల వేగము తెలియును.

పాత కారు చెడిపోవుటకు ఏండ్లు కారణము కావు. నిర్లక్ష్యము, తొందరపాటుతో విప్పుట, కొలువకుండ బిగించుట అను మూడే ముఖ్య కారణములు. ఈ పనికి క్రొత్తగా పూనుకొనువారు మొదట కారు వర్క్‌షాపు మాన్యుయలును, అంగుళాల పానాల జతను, ఒక ఫీలరు గేజిని కొనవలెను. నూనె మార్పిడి, పాయింట్లు, టాపెట్లు అను మూడు పనులు చేతికి అలవడిన పిదపనే తక్కిన పనిముట్ల కొరకు బజారునకు పోవలెను.